అరణం దూడా, గాలి దించిన టైర్లూ

మా వదిన ఫోన్ చేస్తే మొదట పలకరింపులు ఉండవు. విషయం ముందు, బాగోగులు తర్వాత. మొన్న ఉగాదికి మూడు వారాల ముందు కూడా అంతే.

"ఏమ్మా, నీ దూడను తోలుకపోతావా, లేకుంటే ఆవులు కొనే చౌడేపల్లె ఆయప్పకు ఇచ్చేయమంటావా? పండగ మరుసటి దినం జీపేసుకోని వస్తానన్నాడు."

నేను మదనపల్లెలో మా మిద్దె మీద మిరపకాయలు ఎండబెడుతున్నాను. చాట అక్కడే వదిలేసి నీడలోకి వచ్చాను.

ఈ దూడ సంగతి చెప్పాలి. మా వైపు పెళ్ళయి వెళ్ళే ఆడపిల్లకు పుట్టింటివాళ్ళు ఒక ఆవును ఇస్తారు. దాన్ని అరణం అంటాం. ముప్పై అయిదేళ్ళ కిందట నా పెళ్ళిలో మా అమ్మ ఒక తెల్ల పుంగనూరు ఆవును చూపించి "ఇది నీది" అంది. ఆ జాతి ఆవులు ఎంత పొట్టివంటే, దాని పక్కన నిలబడితే నేను కూడా పొడుగుదాన్నే అనిపించేది. కానీ మేం కాపురం పెట్టింది మూడో అంతస్తులో ఒక గది, ఒక వంటిల్లు. ఆవును ఎక్కడ కడతాను, నీళ్ళ ట్యాంకుకా? అందుకని అది సోమల దాటి కొండ కిందున్న మా అన్న ఇంట్లోనే ఉండిపోయింది. అది ఈనింది, దాని దూడ పెరిగి ఈనింది, ఆ దూడ దూడా ఈనింది. పుట్టిన ప్రతి పెయ్యనూ మా అమ్మ "నీ ఆవు" అనేది. పేడ ఎత్తింది మాత్రం మా వదిన.

ఇప్పుడు అమ్మ లేదు. అన్నకు మోకాళ్ళు పోయాయి. గడ్డికి కొండెక్కలేక ఒక్కో ఆవునే తగ్గించుకుంటున్నారు. ఆ వరసలో మిగిలింది ఎనిమిది నెలల పెయ్య దూడ ఒక్కటే. అదీ పోతే అమ్మ నాకిచ్చిన మాటలో ఇంకేమీ మిగలదు. మాకిప్పుడు సొంత ఇల్లుంది, వెనక వేపచెట్టుంది, దాని కింద దూడకు సరిపడా జాగా ఉంది. అన్నిటికీ మించి కారుంది.

"వదినా, తారు రోడ్డు దాకా దాన్ని నడిపించుకుని వస్తే మేం అక్కడ ఎక్కించుకుంటాం" అన్నాను.

"ఏమీ! నిన్ను ఈ గడప ముందర బండెక్కించి పంపినామా, రోడ్డు దాకా నడిపించినామా? ఇదీ ఈ ఇంటి ఆడబిడ్డే. గడప ముందరే బండెక్కాల. నువ్వే తోలాల. ఊరు దాటేదాకా ఎనక్కి తిరిగి సూడకూడదు. మీ అమ్మ పెట్టిన కట్టుబాటు, నేను మార్చను."

ఫోన్ పెట్టేసింది. మళ్ళీ వెంటనే చేసింది. "అందురూ బాగుండారా?" అని అడిగి, జవాబు వినకుండానే పెట్టేసింది.

మా అన్న ఇంటికి తారు రోడ్డు నుంచి రెండు కిలోమీటర్లు మట్టి దారి. మధ్యలో ఒక ఎండిన వంక, దాని నిండా మోకాలి లోతు ఇసుక. వంక దాటగానే బండరాళ్ళ ఎగువ, అంతా ఎక్కుడే. ట్రాక్టరు పోతుంది, జీపు పోతుంది, మా అన్న పాత మోపెడ్ కూడా తిట్టుకుంటూ పోతుంది. మా కారు మాత్రం చిన్న క్రాసోవర్. చూడ్డానికి జీపుకు చెల్లెలిలా ఉంటుంది, నడకలో ఉత్త కారే. ముందు చక్రాలు రెండే లాగుతాయి, వెనకవి ఊరికే వస్తాయి, పెళ్ళివారితో పాటు వచ్చే చుట్టాల్లాగా.

నేను రిటైరైన బస్సు కండక్టర్ని. మా ఆయన రిటైరైన బస్సు డ్రైవరు. మదనపల్లె, పుంగనూరు, కుప్పం దారిలో ఆయన ఎక్కని మలుపు లేదు, నేను చిల్లర ఇవ్వని ఊరు లేదు. మా ఇద్దరికీ ఒకే బస్సులో డ్యూటీ వెయ్యాలంటే డిపోలో భయపడేవాళ్ళు. నేను విజిలు వేసిన చోట ఆయన ఆపడు, ఆయన ఆపిన చోట నేను ఒప్పుకోను. కారు నడపడం అరవై ఏళ్ళు నిండాక ఆయన దగ్గరే నేర్చుకున్నాను. మా కాపురం అది కూడా తట్టుకుందంటే ఇంక దేన్నయినా తట్టుకుంటుంది.

దూడ సంగతి చెప్పగానే ఆయన ముఖం వెలిగిపోయింది. దూడ మీద ప్రేమ కాదు. బండికి ఏదో ఒకటి చేయించడానికి ఆయనకొక కారణం దొరికింది. అప్పటికే రోజూ ఫోన్లో కొండలెక్కే బండ్ల వీడియోలు చూస్తున్నాడు. ఒక కాగితం తెచ్చి రాయడం మొదలుపెట్టాడు. కారు మీద సామాన్ల కేరియరు. దాని మీద వరసగా ఆరు లైట్లు. పక్కన నల్లటి పొగగొట్టం. తలుపుల మీద పులి బొమ్మలు. టైర్లు అనే మాట కాగితం అడుగున, అదీ పక్కన ప్రశ్న గుర్తుతో ఉంది.

"నెత్తి నుంచి మొదలుపెట్టినావే! బండి కాళ్ళతో నడుస్తుందా, నెత్తితో నడుస్తుందా?" అన్నాను.

"నీకు తెలీదు లే. బండిని సూస్తానే దారి బయపడాల."

"పగలు పోయి పగలే వచ్చేదానికి ఆరు లైట్లు యాల?"

"పొద్దుగూకితే?"

"సరే, ఆ పొగగొట్టం యాల?"

"వంకలో నీళ్ళొచ్చి ఇంజను మునిగినా, బండి దాంట్లోనుంచి ఊపిరి తీసుకుంటాది."

ఆ వంకలో నీళ్ళు చూసి ఎన్నేళ్ళయిందో మా అన్నకే గుర్తులేదు. నీళ్ళొస్తే ముందు టెంకాయ కొట్టి, తర్వాతే మాకు ఫోన్ చేస్తాడు. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం!

ఇంత ఎగతాళి చేశానే గానీ, వారం తర్వాత మదనపల్లె సామాన్ల కొట్టు నుంచి కారు బయటికొచ్చినప్పుడు నా గుండె జల్లుమంది. నిజం ఒప్పుకోవాలి, ఆ వేషం నాకు నచ్చింది. పులులు రెండు వైపులా పళ్ళు చూపిస్తున్నాయి. పొగగొట్టం కొండముచ్చు తోకలా నిటారుగా లేచి ఉంది. నేను ఆ రోజు కొత్తిమీర కట్ట కోసం బజారుకు కారులో వెళ్ళాను. పట్టపగలు ఆరు లైట్లూ వేశాను. టమోటా మార్కెట్ దగ్గర ఒక లారీ డ్రైవరు దారిచ్చి మరీ దండం పెట్టాడు. ఇంటికొచ్చేదాకా నవ్వుతూనే ఉన్నాను.

ఆయన అంతటితో ఆగలేదు. కేరియర్ మీద నాలుగు టమోటా క్రేట్లు కట్టాడు. ఒకదాన్లో పార, గడ్డపార. ఒకదాన్లో రెండు జాకీలు, ఎందుకంటే ఒకటి పాడైతే రెండోది ఉండాలట. ఒకదాన్లో లాగుడు పట్టీ, గొలుసులు. నాలుగోదాన్లో ఇరవై లీటర్ల నీళ్ళ క్యాను. వీటి నడుమ ఇంకొక స్టెప్నీ టైరు. పెళ్ళికి పోతూ పిల్లిని చంకన పెట్టుకుపోవడం అంటారే, ఈయన పిల్లితో పాటు దాని సంసారాన్ని కూడా ఎత్తుకున్నాడు.

ఉగాదికి వారం ఉందనగా ఒకసారి చూసొద్దామని బయలుదేరాం. స్టీరింగు నాది. తారు రోడ్డు దిగి పది గజాలు పోయామో లేదో, కారు అడుగున రాయి గీసుకుంది. పళ్ళు జివ్వుమన్నాయి. మళ్ళీ గీసుకుంది. ఇదే దారిలో పోయిన సంవత్సరం ఖాళీ కారుతో వంక దాకా ఏమీ తగలకుండా వచ్చాం. ఇప్పుడు అడుగడుగునా తగులుతోంది. ఎందుకో అప్పుడు మాకు తట్టలేదు. వంకలో దిగగానే ముందు చక్రాలు గిరగిరా తిరిగి ఇసుకలో గొయ్యి తవ్వుకుని కూర్చున్నాయి. ఆయన పార తీశాడు, గొలుసులు తీశాడు, రెండు జాకీలూ తీశాడు. జాకీలు కూడా ఇసుకలోకే దిగాయి. ఈ సందట్లో పొగగొట్టం ఊడి నా కాళ్ళ దగ్గర పడింది.

మేకలు తోలుకుపోతున్న ఆడవాళ్ళు నలుగురు వచ్చి, కొంగులు బిగించి, కారును వెనక్కి నెట్టి గట్టు మీద పెట్టారు. ఎగువ మీద మా వదిన నడుం మీద చేతులు పెట్టుకుని నిలబడి ఉంది. కిందికి దిగి వచ్చి పులులను చూసింది, లైట్లను చూసింది, నా చేతిలో పొగగొట్టాన్ని చూసింది.

"ఈ పులులు దూడను తోలుకపోయేదానికొచ్చినాయా, తినేదానికొచ్చినాయా?" అంది. తర్వాత నవ్వు ఆపుకుని, "వారముండాది. సూసుకోమ్మా" అంది.

ఆ "సూసుకోమ్మా" నాకు గుచ్చుకుంది. ముప్పై అయిదేళ్ళు నా ఆవుల చాకిరీ చేసిన మనిషి, ఇప్పుడు పీడ వదిలితే చాలనుకుంటోందేమో అనిపించింది. చౌడేపల్లె ఆయనకు ఇస్తే ఆమెకు ఏ తలనొప్పీ లేదు. దారి పొడుగునా అదే ఆలోచించాను, ఆయన మీద అరవడం కూడా మరిచిపోయాను.

ఉగాదికి మూడు రోజులుందనగా కుప్పం వెళ్ళాం. అక్కడ ఆయనకు పాత స్నేహితుడైన మెకానిక్ ఉన్నాడు. గ్రానైట్ క్వారీల్లో రాళ్ళగుట్టలెక్కే జీపుల్ని బాగుచేసి జుట్టు నెరిసిన మనిషి. తెలుగు, తమిళం, కన్నడం మూడూ కలిపి మాట్లాడతాడు, మూడింట్లోనూ నవ్వుతాడు. కారు చుట్టూ ఒకసారి తిరిగాడు. టైరుకూ పైనున్న రేకుకూ మధ్య నాలుగు వేళ్ళు దూర్చబోతే రెండే దూరాయి.

"ఏంది అక్కా ఇది? కడుపు నేలకు తగుల్తాంటే నెత్తిన మూట పెడ్తారా ఎవురన్నా?"

అప్పుడు తెలిసింది మాకు. పైన వేసిన బరువంతా స్ప్రింగుల్ని నొక్కేసి బండిని కిందికి దించేసింది. దారిని భయపెట్టబోయి మేం ఎత్తు తగ్గించుకున్నాం. మా ఆయన గొంతు సవరించుకుని, ఊడిన పొగగొట్టాన్ని గట్టిగా బిగించడం వీలవుతుందా అని అడిగాడు. మెకానిక్ దాన్ని ఒక చివర కంటికి పెట్టుకుని చూశాడు. రెండో చివర మూసి ఉంది.

"ఇది ఇంజనుకు పోనేపోదు అన్నా. సుమ్మా, ఉత్త అలంకారం. జిగురేసి అతికించినారు."

మా ఆయన నేల చూపులు చూశాడు. నాకు నవ్వు పొంగుకొచ్చింది, కొంగు నోట్లో కుక్కుకున్నాను.

"మొదట టైరు" అన్నాడు మెకానిక్, ఒక్కో వేలు మడుస్తూ. "తర్వాత టైర్లో గాలి. అది ఉత్తపుణ్యానికే వస్తాది, అందుకే ఎవురూ లెక్కపెట్టరు. తర్వాత కడుపు కింద ఇనప రేకు. ఈ లైట్లూ గీట్లూ, పండక్కి సీరియల్ బల్బులు వేసుకుంటామే, అట్లా."

ఇనప రేకు చెయ్యాలంటే నాలుగు రోజులు పడుతుందన్నాడు. మాకున్నవి మూడు. మా ఆయన రేకే కావాలన్నాడు, అడుగున గీసుకున్న శబ్దం ఆయన చెవుల్లో ఇంకా ఉంది. నేను టైర్లన్నాను. ఇద్దరం డిపోలో అరుచుకున్నట్టే అరుచుకున్నాం. చివరికి నేను, "దూడను నేను తోలాల, నా బండి, టైర్లే!" అన్నాను. గరుకు పట్టున్న నాలుగు కొత్త టైర్లు ఎక్కాయి. మెకానిక్ నాకు గాలి కొలిచే చిన్న ముల్లు, కారు కరెంటుతో నడిచే గాలి పంపు ఇచ్చాడు.

"తారు మీద ముప్పై మూడు. మట్టి దిగతానే ఇరవైకి దించు అక్కా. ఇసుకలో టైరు సపాతీ మాదిరి పరుసుకోవాల. మళ్ళా తారెక్కినాక పంపుతో నింపుకో. మరిసిపోవద్దు" అన్నాడు.

కుప్పం నుంచి పలమనేరు దాకా మా ఆయన అలిగి కూర్చున్నాడు. పలమనేరులో టీ తాగాక, "ఇరవై ఏంది, ఇరవై! సైకిల్లో కూడా అంతకన్నా ఎక్కువుంటాది" అన్నాడు. ముప్పై ఏళ్ళు పొద్దున్నే బస్సు ఎక్కే ముందు ఇనప కమ్మీతో ఆరు టైర్లనూ కొట్టి, ఠంగుమని పలికితేనే బండి కదిలించిన మనిషి. గాలి తగ్గిన టైరంటే ఆయనకు జ్వరమొచ్చిన బిడ్డతో సమానం. నేను పట్టించుకోలేదు. అదే నా పొరపాటు.

ఉగాది రోజు పచ్చడి నాలుక మీద ఉండగానే బయలుదేరాం. కేరియరు తీయమంటే ఆయన గడ్డం పట్టుకుని బతిమాలాడు. సరే, ఇంత అలిగినవాణ్ణి ఇంకా ఏడిపించడమెందుకని వదిలేశాను. గొలుసుల క్రేటు ఒక్కటి మాత్రం తగ్గించాడు. పుంగనూరులో టిఫిను కోసం ఆపితే, పాత ప్యాసింజర్లు ముగ్గురు ఆయన్ని గుర్తుపట్టి పులుల గురించి అడిగారు. ఆయన ఛాతీ మళ్ళీ లేచింది. ఆ సందులో నేను పశువుల సామాన్ల అంగట్లో ఒక కొత్త పలుపు కొన్నాను. మెడకు కట్టే తాడు, నీలం రంగు నైలాను, చివర చిన్న గజ్జె. మా వైపు ఆవును తోలుకుపోయేవాళ్ళు పలుపు తామే తెచ్చుకుంటారు. ఇచ్చేవాళ్ళు తమ పలుపు విప్పి ఇంట్లోనే పెట్టుకుంటారు, దాంతో పాటు ఇంటి పాడి పోకూడదని. వదినకు మాట రానివ్వకూడదని గుర్తుపెట్టుకుని మరీ కొన్నాను.

తారు రోడ్డు చివర ఆపి, ముల్లు పట్టుకుని, నాలుగు టైర్ల గాలీ ఇరవైకి దించాను. బుస్సుమంటుంటే ఎంత సంతోషమో! పక్క గట్టు మీద ఫోన్ పలుకుతుందంటే ఎక్కి వదినకు చేశాను. దూడకు స్నానం చేయించానని, పసుపు కుంకుమ పెట్టానని, అది పేడలో పొర్లితే మళ్ళీ చేయించానని, అన్న అడ్డం పడ్డాడని, అరగంట చెప్పింది. దిగి వచ్చేసరికి ఆయన ముందు సీట్లో బుద్ధిగా కూర్చుని ఉన్నాడు. అంత బుద్ధిగా ఆయన ఎప్పుడూ కూర్చోడు. నాకు అనుమానం రావలసింది.

దారి మీద కారు గులకరాయిలా ఎగిరెగిరి పడింది. వంకలో దిగింది. నాలుగు బారలు పోయింది. మళ్ళీ అదే గిరగిర, మళ్ళీ అదే గొయ్యి.

స్టీరింగు మీద తల వాల్చేశాను. కొత్త టైర్లు వేశాం, గాలి దించాం, ఇంక చెయ్యడానికేముంది? రేపు పొద్దున చౌడేపల్లె జీపు ఇదే ఇసుక మీద నుంచి దర్జాగా పోతుంది, వచ్చేటప్పుడు మా అమ్మ ఆవును ఎక్కించుకుని వస్తుంది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. "నా వల్ల కాదప్పా. అమ్మ మాట నిలబెట్టుకోలేకపోయినా" అన్నాను.

ఆయన చిన్నగా దగ్గాడు.

"ఇదో... నువ్వు గట్టెక్కినప్పుడు టైర్లు మరీ ఈసురోమంటా ఉండాయి. సూడలేకపోయినా. పంపు పెట్టి..."

"ఎంత పెట్టినావు?"

"నలభై."

నేను దిగి టైరును తన్నాను. ఠంగుమంది.

ఆ క్షణంలో నాకు కోపం రావాలి. వచ్చింది కూడా. కానీ దానికంటే ముందు నవ్వొచ్చింది, అది ఆగలేదు. ఇసుకలో కూలబడి నవ్వాను. ఓటమి టైర్లది కాదు, నాది కాదు, ఈయన ముప్పై ఏళ్ళ భక్తిది! ఆయన కూడా మొదట బెదిరి, తర్వాత నవ్వాడు. లేచి చీర దులుపుకున్నాను. చేతి సంచిలోంచి నా పాత విజిలు తీశాను. రిటైరైనా దాన్ని నేను వదల్లేదు.

ఘాట్ రోడ్డులో బస్సు ఎక్కలేకపోతే కండక్టరు చేసే పని ఒక్కటే. అందరూ అందలమెక్కితే మోసేవాళ్ళెవరు? ప్యాసింజర్లను దింపాలి. విజిలు వేశాను.

"దిగండప్పా, దిగండి! బండి ఎక్కదు, అందురూ దిగండి!"

ఉన్న ప్యాసింజరు ఆయన ఒక్కడే. ముప్పై ఏళ్ళలో ఎన్ని వందల మందిని అలా దింపానో, ఆయన మాత్రం ఎప్పుడూ దర్జాగా సీట్లోనే కూర్చునేవాడు. డ్రైవరు దిగడు కదా! ఇప్పుడు దిగాడు. చెప్పులు చేత్తో పట్టుకుని ఇసుకలో నిలబడ్డాడు. ఆ ఒక్క దృశ్యం కోసం ఇంకో కారు కొన్నా తప్పులేదు.

క్రేట్లు దించాం. కేరియరు బోల్టులు విప్పాం, లైట్లతో సహా గట్టు మీద పెట్టాం. రెండు జాకీలు, స్టెప్నీ, నీళ్ళ క్యాను, అన్నీ. కారు నిట్టూర్చినట్టు రెండు వేళ్ళు పైకి లేచింది. తర్వాత ముల్లు ఆయన చేతికిచ్చాను. "నువ్వే దించు" అన్నాను. ఆయన ముఖం పక్కకు తిప్పుకుని దించాడు. నాలుగు టైర్లూ, ఒక్కోటీ ఇరవై. చక్రాల ముందు ఇసుకను పారతో తోడాడు. పార ఒక్కటైనా పనికొచ్చింది, అది రాసుకోవాలి.

"విజిలు ఇటియ్యి. ఇంగ కండక్టరు నేను" అన్నాడు.

ఇచ్చాను. ఆయన ముందుకెళ్ళి, వంక అవతల వెనక్కి వెనక్కి నడుస్తూ చెయ్యి ఊపాడు. "రైట్... రైట్... ఎడమ పక్కకు రానీ... రైట్!" నేను మెల్లగా కాలు నొక్కాను. చక్రాలు ఈసారి తవ్వలేదు. పరుచుకున్నాయి. కారు ఇసుక మీద పడవలా అటూ ఇటూ ఊగుతూ కదిలింది, ఆగలేదు, ఆగనివ్వలేదు. వంక దాటింది! నేను కారులో ఒక్కదాన్నే కేకలు పెట్టాను. ఆయన విజిలు ఊదుతూ ఎగువ మీద పరుగెత్తాడు, నేను కారుతో వెనకే, అరవై దాటిన ఇద్దరం. బండల మీద ఒక్కచోట కూడా కడుపు తగల్లేదు. నా మొత్తం ఉద్యోగంలో ఆయన నా మాట ప్రకారం ఆపలేదు, ఇప్పుడు ఆయన విజిలుకు నేను ఆగాను, కదిలాను. మా అన్న ఇంటి గడప ముందు ఆయన "హోల్డాన్!" అన్నాడు. ఆగిపోయాను.

అన్న నవ్వుతూ తలుపు తీశాడు. వదిన దూడను పట్టుకుని నిలబడి ఉంది. తెల్లటి ఒళ్ళు, నల్లటి మూతి, నుదుట కుంకుమ, నా మోకాలికి కాస్త పైన దాని వీపు. నన్ను చూసి "అంబా" అంది, నా కారు పులుల్ని చూసి రెండడుగులు వెనక్కేసింది. వెనక సీట్లు మడిచి, గోనెలు పరిచాం.  ఇంక పలుపు మార్చడమే తరువాయి అని, సంచిలోంచి నీలం పలుపు తీసి వదినకు చూపించాను.

వదిన ముఖం మారిపోయింది.

"ఏందమ్మా అది?"

"కొత్త పలుపు వదినా. మీ పలుపు విప్పుకుంటారు కదా..."

"బేరగాళ్ళు తెచ్చుకుంటారు కొత్త పలుపు! అమ్మిన ఆవుకు విప్పుకుంటాం పలుపు. నువ్వు బేరానికొచ్చినావా, ఇంటికొచ్చినావా?"

నీలం పలుపును కొంగు కింద దాచుకున్నాను. ఆమె తన పలుపును ఇంకా గట్టిగా బిగించింది. కొబ్బరి నారది, చేతుల రాపిడికి నునుపెక్కింది, ముడి దగ్గర పాత చీర పేలిక చుట్టి ఉంది.

"ఇది నీ అరణం ఆవు మెడకు మీ అమ్మ పేనిన పలుపు. అరిగిన సోట నేను పేనినా. ముప్పై అయిదేండ్లు దీన్ని పట్టుకోని నీ ఆవుల్ని మేపినా, నా ఆవులనుకోని మేపలా. ఇంగ నువ్వు పట్టుకో."

చివరను నా చేతిలో పెట్టి, నా వేళ్ళను తన చేత్తో మూసింది. ఆమె చేతి గీతల్లోని పేడ మరక నా చేతికి అంటింది. ఈమె పీడ వదిలితే చాలనుకుంటోందని నేను అనుకున్నాను. ఇసుకలో దిగబడ్డప్పుడు కూడా నాకు అంత సిగ్గు వెయ్యలేదు. అక్కడే ఆమెను పట్టుకుని ఏడ్చాను. "ఏడిస్తే బండి ఎట్ల తోలతావు?" అని ఆమే నా కళ్ళు తుడిచింది. నీలం పలుపు మా అన్న మోపెడ్ వెనక గడ్డిమోపు కట్టుకోవడానికి పనికొచ్చింది.

దూడను ఎత్తి గోనెల మీద పెట్టాం. పట్టుకోవడానికి ఒక మనిషి కావాలి కాబట్టి మా ఆయన దాని పక్కన వెనక కూర్చున్నాడు, మోకాళ్ళు గడ్డానికి ఆనించుకుని, పలుపు చేతికి చుట్టుకుని, నోట్లో విజిలుతో. ముప్పై ఏళ్ళు స్టీరింగు వదలనివాడు వెనక సీటు చూడ్డం అదే మొదలు. కదలగానే దూడ ఆయన చొక్కా జేబును నమలడం మొదలుపెట్టింది, ఆయన ఏమీ అనలేదు.

కారు కదిలింది. ఊరు దాటేదాకా వెనక్కి తిరిగి చూడకూడదని కట్టుబాటు. నా పెళ్ళిరోజు ఎద్దులబండిలో కూడా చూడలేదు, మెడ పట్టేసినా చూడలేదు. కానీ కారుకు అద్దం ఉంది. అద్దంలో చూడకూడదని మా అమ్మ చెప్పలేదు. వదిన గడప ముందు నిలబడి ఉంటుంది, ఒక్కసారి చూద్దామని కళ్ళెత్తాను.

అద్దం నిండా దూడ ముఖమే ఉంది. నల్లటి మూతి, నుదుట వదిన పెట్టిన కుంకుమ, నన్నే చూస్తున్న పెద్ద కళ్ళు. పక్కకు జరుగుతుందేమోనని చూశాను. జరగలేదు.

"ముందు సూసి తోలు. రైట్ రైట్" అని వెనక నుంచి విజిలు వేశాడు మా ఆయన.